“మా మనవరాలు మాట మార్చిందండి”: మిశ్రమ జాతి పిల్లలపై అపోహలు, వాస్తవాలు

అమలాపురంలో పిల్లలకు, యువతకు కౌన్సెలింగ్ చేస్తాను. సంక్రాంతికి అమెరికా నుంచి మనవలొస్తే, వాళ్లతోపాటు ఒక టెన్షన్ కూడా నా గదికి వస్తుంది. ఒక నానమ్మగారి కొడుకు అక్కడి నల్లజాతి అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. “పదేళ్లప్పుడు ఇండియన్‌నే అనేదండి. పదిహేడొచ్చేసరికి బ్లాక్ అంటోంది. మేం అక్కర్లేదేమో” అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

అపోహ: మాట మారిందంటే పిల్ల అయోమయంలో ఉంది, లేదా మనల్ని వదిలేసింది.

వాస్తవం: 1990ల మధ్యలో అమెరికాలో ఒక పెద్ద సర్వే ఏడు నుంచి పన్నెండు తరగతుల పిల్లల్ని జాతి గురించి బడిలో ఒకసారి, ఇంట్లో ఒకసారి అడిగింది. ఒకటికి మించి జాతులు చెప్పినవాళ్లు బడిలో 6.8 శాతం, ఇంట్లో 3.6 శాతం. రెండు చోట్లా అలాగే చెప్పింది 1.6 శాతమే. అంతమాత్రాన ఆ పిల్లలు అబద్ధం చెప్పారని కాదు. మన వైపు “ఎవరి తాలూకండీ?” అంటే అమ్మ ఊళ్లో తాతయ్య పేరు చెబుతాం, నాన్న ఊళ్లో నాన్న పేరు చెబుతాం. హైదరాబాద్‌లో అయితే కోనసీమ అంటాం. కాకపోతే ఆ మనవరాలికి ఇంకో బరువుంది. తను నోరు తెరవకముందే షాపులో, రోడ్డు మీద ఎదుటివాళ్లు ఒంటిరంగు చూసి ఎవరో తేల్చేస్తారు. చిన్నప్పుడు అమ్మానాన్నల చాటున అది అంతగా తెలియదు. ఒంటరిగా తిరిగే వయసొచ్చాక తెలుస్తుంది.

అపోహ: టీనేజ్ దాటితే కుదురుకుంటుంది.

వాస్తవం: పెద్దవాళ్లూ మారుస్తారు. అమెరికాలో 2000, 2010 జనగణనల్లో సుమారు 16.2 కోట్లమంది జవాబుల్ని జతచేసి చూస్తే, దాదాపు 6 శాతం మందికి జాతి లేదా హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల) మూలం గురించిన జవాబు మారింది. అసలు అక్కడి జనగణనలో ఒకటికి మించి జాతులు గుర్తుపెట్టే వీలు వచ్చిందే 2000లో.

అపోహ: మనం గట్టిగా చెబితే మనవైపు ఉంటుంది.

వాస్తవం: ఉండదు. “నువ్వు మా పిల్లవా, వాళ్ల పిల్లవా?” అన్న ప్రశ్న పిల్లను అమ్మకీ నాన్నకీ మధ్య నిలబెడుతుంది. ఒకప్పుడు నేనూ “నీకు ఎవరి వైపు దగ్గర?” అని అడిగేదాన్ని. మానేశాను. బడిలో రోజు ఎలా గడుస్తుందో అడుగుతాను, ఆపకుండా వింటాను.

ఆ నానమ్మగారు తర్వాత మనవరాలి ఫోన్‌లో వియ్యపురాలి ఫొటోలు చూపించమన్నారు. ఆవిడ పేరు సరిగ్గా పలకడానికి రెండు రోజులు సాధన చేశారు. పక్కన కూర్చుని దిద్దింది మనవరాలే.