పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య ఎడం: షెడ్డులో రోజూ వినే అపోహలు

దమ్ము రోజులు వచ్చాయంటే, రేడియేటర్‌లో నీళ్లు చూసుకోక వేడెక్కి హెడ్డు (సిలిండర్ల పైమూత) వంగిన ట్రాక్టర్లు మా నల్లగొండ షెడ్డు ముందు వరుస కడతాయి. బోరు ఎంత, రింగులు ఏ కంపెనీవి అని రైతులు అడుగుతారు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని తలకూ వాల్వుకూ మధ్య ఎంత ఎడం మిగిలిందని ఒక్కరూ అడగరు. అది చూసుకోవాల్సింది మనమే కాబట్టి ఇది తోటి మెకానిక్‌ల కోసం.

అపోహ: ట్యాపెట్ గ్యాప్ సరిగ్గా ఉంటే వాల్వు పిస్టన్‌కు తగలదు.

రెండింటికీ సంబంధం తక్కువ. ట్యాపెట్ గ్యాప్ అంటే వాల్వు మూసి ఉన్నప్పుడు దాని తోకకూ, దాన్ని నొక్కే భాగానికీ మధ్య పైన చూసే సందు. నేను చెప్పేది సిలిండర్ లోపలి ఎడం. పెట్రోలు ఇంజిన్లలో చాలామంది పాటించే లెక్క ఇన్‌లెట్ (గాలి లోపలికి వచ్చే) వాల్వుకు కనీసం 2 మి.మీ., ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే) వాల్వుకు 2.5 మి.మీ. ఎగ్జాస్ట్ వాల్వు వేడికి సాగుతుంది, పైగా అది మూసుకుంటుండగా పిస్టన్ వెనకే తరుముకొస్తుంది. స్ప్రింగు అలిసిపోతే మొదటి దెబ్బ దానికే. డీజిల్‌కు ఈ అంకెలు పనికిరావు, ఆ ఇంజిన్ మాన్యువలే దిక్కు.

అపోహ: పిస్టన్ పూర్తిగా పైన ఉన్నప్పుడు కొలిస్తే చాలు.

చాలదు. ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌లెట్ తెరుచుకునే సమయంలో, ఎగ్జాస్ట్ వాల్వు పిస్టన్‌కు బాగా దగ్గరయ్యేది పైస్థానానికి ఇంచుమించు 10 డిగ్రీల ముందు. ఇన్‌లెట్ దగ్గరయ్యేది దాటాక అంతే దూరంలో. ఈ తిప్పలన్నీ పిల్లలు బొమ్మలు చేసుకునే రంగు మట్టి తప్పిస్తుంది. పిస్టన్ తల మీద వాల్వులకు చోటుగా ఉన్న గాట్లలో మట్టి పరిచి, అంటుకోకుండా వాల్వుల ముఖానికి కాస్త నూనె రాయాలి. వాడబోయే మందం గాస్కెట్టే (హెడ్డు కింద పరిచే పొర) వేసి, బోల్టులు టార్క్ రెంచితో బిగించి, టైమింగ్ (క్రాంక్‌కూ, వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టుకూ ఉన్న గుర్తులు) కలిపి, క్రాంక్‌ను స్పానర్‌తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. స్టార్టర్ జోలికి పోవద్దు. ఎక్కడైనా అడ్డం తగిలితే అక్కడే చెయ్యి ఆపాలి. ఇంకొంచెం బలం పెట్టి నేను వంచిన వాల్వు ఇప్పటికీ మా షెడ్డు గోడకు వేలాడుతోంది. హెడ్డు తీశాక మట్టిలో నెలవంకలాంటి అచ్చు కనిపిస్తుంది. బ్లేడుతో దాన్ని అడ్డంగా కోసి, అన్నిటికన్నా పలచగా ఉన్నచోట వెర్నియర్ తోకతో కొలవండి. గాటు అంచుకూ వాల్వు అంచుకూ మధ్య పక్క ఎడం కూడా అందులోనే తెలుస్తుంది. హైడ్రాలిక్ ట్యాపెట్లయితే జాగ్రత్త, అవి లోపలికి నొక్కుకుపోయి లేని ఎడం చూపిస్తాయి.

అపోహ: హెడ్డు అర మిల్లీ ఫేసింగ్ (వంగిన ముఖాన్ని చదునుగా చెక్కడం) చేయిస్తే ఏమీ కాదు.

నకిరేకల్ వైపు నుంచి ఒక ట్రాక్టర్ వచ్చింది. లోడు పడితే టక్ టక్ చప్పుడు. అంతకుముందు చూసినవాళ్లు ట్యాపెట్లు మూడుసార్లు సరిచేశారట. విప్పితే రెండు పిస్టన్ల మసి మీద అర్ధచంద్రాకారపు గీత, కొత్త నాణెంలా మెరుస్తోంది. ఆ హెడ్డుకు రెండుసార్లు ఫేసింగ్ అయింది. హెడ్డు ముఖానికి లోపలగా ఉండాల్సిన వాల్వులు సమానంగా వచ్చేశాయి. వాల్వులు కూర్చునే సీట్లు మళ్లీ కోయించి మాన్యువల్ చెప్పిన లోతుకు దించాక చప్పుడు పోయింది. చేతికొచ్చినంత దించడమూ తప్పే, కంప్రెషన్ పడిపోయి చలికాలం పొద్దున బండి లేవదు.

క్యామ్ హెడ్డులోనే ఉండి గొలుసుతో తిరిగే ఇంజిన్లలో ఇంకో చిక్కుంది. ఫేసింగ్‌తో క్యామ్ కిందికి దిగి టైమింగ్ కాస్త వెనకబడుతుంది. ఎగ్జాస్ట్ ఆలస్యంగా మూసుకుంటుంది. అంటే దాని ఎడం రెండు వైపుల నుంచీ తరుగుతుంది.

అపోహ: దళసరి గాస్కెట్ వేస్తే అన్నీ సర్దుకుంటాయి.

కొన్నిసార్లు అవును, కంప్రెషన్ కొంత వదులుకుంటే. పెట్రోలు పిస్టన్ గాట్లు లోతు చేయించవచ్చు, కాని తల మందం లోపలి నుంచి కొలవకుండా లేత్‌కు పంపకండి. క్యామ్‌ను ముందుకు జరిపితే ఎగ్జాస్ట్‌కు ఎడం పెరుగుతుంది, ఇన్‌లెట్‌కు తరుగుతుంది.

అపోహ: చేత్తో తిప్పితే తగల్లేదు, ఇక భయం లేదు.

కాగితమంత ఎడమున్నా చేత్తో తిప్పినప్పుడు చప్పుడు లేకుండా దాటిపోతుంది. ఇంజిన్ వేగం అందుకున్నాక కనెక్టింగ్ రాడ్డు సాగుతుంది, బేరింగుల సందు కలుస్తుంది, వాల్వు మూసుకోవడం ఆలస్యమవుతుంది. ఆ కాగితం అక్కడే ఖర్చయిపోతుంది.