పేరు ఒకరిది, ఖాతా ఒకరిది: చర్చి నిర్మాణ నిధులు ఎక్కడ దారి తప్పుతున్నాయి?

చర్చి నిర్మాణ నిధి మోసగాళ్ల ఖాతాలో పడిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ అందరి వేళ్లూ ట్రెజరర్ వైపే చూపిస్తాయి. ఈమెయిల్ సరిగ్గా చూసుకోవద్దా అంటారు. అమెరికాలో 2025 మార్చిలో ఒక అప్పీళ్ల కోర్టు ఇచ్చిన తీర్పుతో ఆ మాటకు చట్టం బలం కూడా దొరికింది. పాస్టరు గారి పేరుతో గిఫ్ట్ కార్డులు అడిగే మెసేజ్‌ల గురించి, పాస్‌వర్డ్ జాగ్రత్తల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నా దృష్టిలో అసలు సంగతి అర్థం కావాలంటే 2019 ఏప్రిల్‌లో ఒహాయో రాష్ట్రం బ్రన్స్‌విక్‌లో జరిగింది చూడాలి.

అక్కడి సెయింట్ ఆంబ్రోస్ కతోలిక విచారణలో (పారిష్‌లో, అంటే స్థానిక సంఘంలో) దేవాలయ పునరుద్ధరణ పనులు సాగుతున్నాయి. ఏప్రిల్ 17, పవిత్ర వారంలో బుధవారం. కాంట్రాక్టర్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది: రెండు నెలలుగా బిల్లు డబ్బు రాలేదు, ఎందుకని? మొత్తం సుమారు 17.5 లక్షల డాలర్లు. ఆఫీసువాళ్లు నిర్ఘాంతపోయారు. వాళ్లు ఏ నెలా ఆలస్యం చేయలేదు, డబ్బు వెళ్లినట్టు బ్యాంకు ధ్రువీకరణలు కూడా చేతిలో ఉన్నాయి. ఎఫ్‌బీఐ దర్యాప్తులో తేలింది ఇది: హ్యాకర్లు విచారణ ఈమెయిల్ ఖాతాల్లోకి చొరబడి, కాంట్రాక్టర్ బ్యాంకు మారిందని సిబ్బందిని నమ్మించారు. సంగతి బయటపడేసరికి ఆ ఖాతాలో డబ్బు లేదు. విచారణ గురువు దీన్ని దాచలేదు. విశ్వాసులకు లేఖ రాసి జరిగిందంతా చెప్పారు, మేత్రాసనం (డయోసీస్) బీమా కింద క్లెయిమ్ చేస్తున్నామని తెలిపారు. కానుకలు వేసినవాళ్ల ముందు నిలబడి ఆ మాట చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో సంఘం లెక్కలు చూసినవాళ్లకు తెలుస్తుంది.

డబ్బు పంపేటప్పుడు మనం పేరూ రాస్తాం, ఖాతా నంబరూ రాస్తాం. పేరు రాశాం కాబట్టి ఆ పేరున్నవాళ్లకే చేరుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ అమెరికా వాణిజ్య నియమావళిలో 1989లో రూపుదిద్దుకున్న 4ఎ అధ్యాయం ప్రకారం, పేరుకూ నంబరుకూ పొత్తు కుదరడం లేదని బ్యాంకుకు నిజంగా తెలియనంత వరకు, నంబరు చూసి జమ చేస్తే చాలు. నష్టం పంపినవాళ్లదే.

ఈ నియమం మీదే 2025 తీర్పు నిలబడింది. కేసు చర్చిది కాదు, ఒక లోహ సామగ్రి కంపెనీది. మోసం మాత్రం అచ్చం అదే. 2018లో సుమారు 5.59 లక్షల డాలర్లు సరఫరాదారుకనుకుని ఒక వ్యక్తి ఖాతాకు పంపారు. పేరు కలవడం లేదని ఆ ఖాతా ఉన్న ఆర్థిక సంస్థ కంప్యూటరు హెచ్చరించింది, కానీ దాన్ని ఎవరూ చూడలేదు. కింది కోర్టు 2023లో కంపెనీ వైపు తీర్పిచ్చింది. నాలుగో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దాన్ని కొట్టేసింది: హెచ్చరికను ఎవరూ చూడలేదు కాబట్టి, సంస్థకు తెలిసినట్టు కాదు. రోజూ వచ్చే హెచ్చరికలన్నీ మనుషులు చూడటం సాధ్యం కాదని బ్యాంకులు అంటాయి. మరి జీతం లేకుండా, ఆదివారం ఆరాధన అయ్యాక లెక్కలు రాసే ట్రెజరర్ మాత్రం ఒక్కటీ వదలకుండా ఎలా పట్టుకోగలడు? 2022లో నార్త్ కరోలినాలోని ఎల్కిన్ వ్యాలీ బాప్టిస్టు సంఘం కొత్త మందిరానికని కూడబెట్టిన 7.93 లక్షల డాలర్లు ఇలాంటి నకిలీ ఈమెయిల్ వల్లే పోగొట్టుకుంది.

బ్రిటన్ మరో దారి పట్టింది. 2020 నుంచి పెద్ద బ్యాంకులు పేరు సరిచూస్తున్నాయి. 2024 అక్టోబరు 7 నుంచి ఇలా మోసపోయినవారికి 85,000 పౌండ్ల వరకు బ్యాంకులే తిరిగి చెల్లించాలి. ఏటా 10 లక్షల పౌండ్లలోపు ఆదాయమున్న ధార్మిక సంస్థలకూ ఇది వర్తిస్తుంది, అంటే చిన్న చర్చిలకు కూడా.

మన దగ్గర 2010 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ అమెరికా నియమం లాంటిదే: పేరు తప్పనిసరిగా రాయాలి, జమకు మాత్రం నంబరే ఆధారం, నంబరు బాధ్యత పంపినవారిది. యూపీఐలో పేరు ముందే కనిపిస్తుంది. సిమెంటు, ఇనుము బిల్లులకు సంఘాలు వాడే నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లకు ఆ సౌకర్యం 2025 ఏప్రిల్ 1లోగా ఇవ్వాలని 2024 డిసెంబరు 30న బ్యాంకులను ఆదేశించారు. ఇప్పుడు పేరు తెర మీద చూపిస్తారు. అది సరైనదో కాదో చూసి పంపాల్సింది మాత్రం ఇంకా ట్రెజరరే.