296 అంకె వెనక, రేషన్ లిస్టుకెక్కని భార్యలు

2019 డిసెంబరులో పార్లమెంటులో వినిపించిన 296 అనే అంకె మళ్ళీ చర్చలోకి వచ్చింది. 2011 జనగణన ప్రకారం దేశం మొత్తమ్మీద ఆంగ్లో ఇండియన్లు అంతేనని అప్పటి న్యాయశాఖ మంత్రి రవిశంకర్ ప్రసాద్ సభలో చెప్పారు. 104వ రాజ్యాంగ సవరణతో, 2020 జనవరి 25 నుంచి లోక్‌సభలో వాళ్ళ రెండు నామినేటెడ్ సీట్లతోపాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా రాష్ట్రాల శాసనసభల్లోని సీట్లు కూడా పోయాయి. ఇప్పుడు 2027 మార్చి 1 ప్రాతిపదికగా కొత్త జనగణన జరగబోతోంది కాబట్టి ఆ అంకె మీద పాత వాదన మళ్ళీ రాజుకుంది. సికింద్రాబాద్‌లో సౌత్ లాలాగూడ, మెట్టుగూడ వీధులు తెలిసినవాళ్ళకి దేశం మొత్తానికి 296 అంటే నమ్మబుద్ధి కాదు.

ప్రభుత్వం చెప్పేది ఒక్క ముక్కే: జనగణనలో వచ్చిన లెక్క అది. రాజ్యాంగం 366(2) అధికరణంలో నిర్వచనమూ ఉంది. తండ్రిగానీ, తండ్రి వైపు మగ పూర్వీకుల్లో ఎవరైనాగానీ యూరోపియన్ సంతతివాడై ఉండాలి. 1935 భారత ప్రభుత్వ చట్టంలో ఉన్న దాదాపు అదే నిర్వచనం రాజ్యాంగంలోకీ వచ్చింది. వంశం లెక్కలో తల్లి ఊసే లేదు.

ఎందుకు లేదన్నది తెలియాలంటే ఆ తల్లులు ఎవరో వెతకాలి. పోర్చుగీసు కాలం నుంచి రైల్వే కాలనీల దాకా నడిచిన కథ చాలామందికి తెలిసిందే, దాన్ని మళ్ళీ చెప్పను. నా దృష్టిలో అసలు మలుపు పందొమ్మిదో శతాబ్దం మొదట్లో, బ్రిటిష్ రెజిమెంట్లు ఓడ ఎక్కే రేవుల్లో ఉంది.

రెజిమెంటు విదేశానికి కదిలితే సైనికుల భార్యలందర్నీ తీసుకెళ్ళేవాళ్ళు కాదు. మామూలుగా నూరుమంది సైనికులకు ఆరుగురు భార్యలు. భారత్ లాంటి దూరదేశాలకు పన్నెండుగురు. ఎవరు వెళ్ళాలో చీటీలు తీసి తేల్చేవాళ్ళు, చాలాసార్లు ప్రయాణం ముందురోజే. టోపీలో వేసిన మడతచీటీల్లో కొన్నిటి మీద ‘వెళ్ళాలి’ అని, మిగతావాటి మీద ‘వెళ్ళకూడదు’ అని ఉండేది. రెండో రకం చీటీ వచ్చిన మనిషి చంకలో బిడ్డతో రేవులోనే మిగిలిపోయేది. మళ్ళీ మొగుణ్ణి చూస్తుందో లేదో తెలీదు. ఓడెక్కిన ఆడమనిషికి సగం రేషను, బిడ్డకు పావు. బదులుగా ఆమె బట్టలుతికేది, కుట్టుపని చేసేది, రోగులకు సేవ చేసేది. కమాండింగ్ ఆఫీసర్ అనుమతి లేకుండా పెళ్ళాడితే రేషనూ లేదు, గదీ లేదు, ఓడలో చోటూ లేదు.

రేషను ఇచ్చారంటే లెక్క రాయాలి. లెక్కలో ఉన్నవాళ్ళే ఈరోజు మనకు దొరుకుతున్నారు. ఆ దొరకడమూ అరకొరే. ఫలానా సైనికుడి భార్య అని తప్ప సొంత పేరు ఉండదు. లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ (వార్ ఆఫీస్) 12 వరసలో ఉన్న హాజరుపట్టీల్లో భార్యాబిడ్డల జాబితాలు కనిపించేది 1868 నుంచే. అంతకుముందు వచ్చిన ఐరిష్, ఇంగ్లీషు ఆడవాళ్ళ పేర్లు తెలియాలంటే వాళ్ళ పిల్లల బాప్తిస్మం రిజిస్టర్లే దిక్కు.

నూటికి పన్నెండుగురు భార్యలే అంటే, మిగిలిన సైనికులు ఏళ్ళ తరబడి ఇక్కడ ఒంటరిగా బతకాలి. చాలామంది ఇక్కడి ఆడవాళ్ళతోనే కాపురం పెట్టారు. ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీయే దీన్ని ప్రోత్సహించింది. 1687లో డైరెక్టర్లు మద్రాసు కోటకు రాసిన ఉత్తరంలో, తమ సైనికులు స్థానిక స్త్రీలను పెళ్ళాడితే పుట్టిన బిడ్డకు బాప్తిస్మం ఇచ్చిన రోజు తల్లి చేతికి ఒక వరహా ఇవ్వమన్నారు. వందేళ్ళు తిరిగేసరికి గాలి మారింది. 1791లో భారతీయ తల్లిగానీ తండ్రిగానీ ఉన్నవాళ్ళకు కంపెనీ కొలువులు మూసేశారు. 1795లో సైన్యంలో వాళ్ళకు మిగిల్చినవి బాజాలు, డప్పులు వాయించే పని, గుర్రాలకు లాడాలు కొట్టే పని. తల్లికి వరహా ఇవ్వమన్న కంపెనీయే ఆ తల్లి మనవడి చేతికి డప్పుపుల్లలు ఇచ్చింది.

1806లో సికింద్రాబాద్ కంటోన్మెంటు ఏర్పడేనాటికి పరిస్థితి ఇదీ. ఇక్కడి చర్చి రిజిస్టర్లలో నమోదైనవాటి నకళ్ళు మద్రాసు మీదుగా లండన్ చేరేవి. బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 అనే వరసలో మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు 1698 నుంచి ఉన్నాయి. అలాంటి నమోదుల్లో తండ్రి పేరు, హోదా, రెజిమెంటు నంబరు స్పష్టంగా ఉంటాయి. తల్లి దగ్గరికొచ్చేసరికి చాలాచోట్ల మేరీ అనో, ఆన్ అనో ఒక్క క్రైస్తవ పేరు, ఇంటిపేరు ఉండదు. కొన్నిచోట్ల ‘స్థానిక స్త్రీ’ అన్న మాటతో సరి. ఆమె పుట్టినప్పుడు పెట్టిన పేరు ఏ కాగితం మీదా దొరకదు. ఐర్లండు నుంచి వచ్చిన కాథలిక్ సైనికులకు పెళ్ళి చేసింది కాథలిక్ పాదిరీ. తొలి తరాల్లో లండన్‌కు వెళ్ళిన నకళ్ళు ఎక్కువగా ఆంగ్లికన్ చర్చీలవి కాబట్టి ఆ పెళ్ళిళ్ళు అందులో కనపడకపోవచ్చు.

అయినా వెతికేవాళ్ళకి దారి ఉంది. రెజిమెంటు ఇంగ్లండుకు తిరిగి వెళ్ళేటప్పుడు ఇక్కడి భార్యకు ఓడలో చోటిచ్చేవాళ్ళు కాదు. వదిలి వెళ్ళడం ఇష్టం లేనివాడు ఇక్కడే ఉండిపోయే ఇంకో రెజిమెంటుకు మారేవాడు. అందుకే వరస బిడ్డల నమోదుల్లో తల్లి పేరు అదే ఉండి తండ్రి రెజిమెంటు నంబరు హఠాత్తుగా మారితే, ఆ కాపురం ఇక్కడిదేమోనని అనుమానించాలి. కాస్త ఓపికతో చూస్తే అంత పొడి కాగితంలోనూ భార్యను వదలని మనిషి కనిపిస్తాడు.

వితంతువుల సంగతి ఇంకో చిక్కు. కలరాకో జ్వరానికో మొగుడు పోతే రేషను కొన్ని నెలలే. ఆలోపు అదే రెజిమెంటులో ఇంకొకర్ని పెళ్ళాడకపోతే గతి లేదు. ఒకే మనిషి పదేళ్ళలో మూడు ఇంటిపేర్లతో కనిపించడం వింతేమీ కాదు. ఇంటిపేరు పట్టుకుని వెతికితే ఆమె జాడ దొరకదు, రెజిమెంటు ఉన్న ఊరు పట్టుకుని వెతకాలి.

ఈమధ్య డీఎన్‌ఏ పరీక్షలు చౌకయ్యాక బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో ఉన్న కుటుంబాల రక్తంలో దక్షిణాసియా వాటా ఉందని తేలుతోంది. కాగితం ఉంటేనే చరిత్ర అనేవాళ్ళు ఒప్పుకోరు, భార్య అనడానికి పెళ్ళి నమోదు చూపించమంటారు. ఎవరిని నమోదు చేయాలో సైన్యమే తేల్చినచోట, నమోదు లేదు కాబట్టి భార్యే కాదనడం అన్యాయం.

296 విషయంలో ఆంగ్లో ఇండియన్ సంఘాల వాదనా దాదాపు ఇదే. తమకు విడిగా గడి లేదని, క్రైస్తవుల లెక్కలోనే కలిసిపోయామని వాళ్ళంటున్నారు. రాబోయే జనగణనలో కులం కూడా రాస్తారు. తాను ఆంగ్లో ఇండియన్‌నని చెప్పిన మనిషిని ఏ గడిలో రాయాలో ఎన్యూమరేటర్లకు ఇచ్చే శిక్షణలోనే తేల్చాలి. ఎక్కడైనా రుజువు అడగాల్సి వస్తే, తల్లి పేరు ఒక్కటే ఉన్న బాప్తిస్మం నమోదును కూడా అంగీకరించాలి.