పేద క్వేకర్ పూర్వీకుల వేట: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్ పల్లెటూళ్ల పాత రికార్డుల్లో కుటుంబాల మూలాలు వెతకడం నా పని. 1600ల నాటి క్వేకర్ (చర్చితో విభేదించిన ఒక క్రైస్తవ శాఖ) కుటుంబం, అందులోనూ కూలీనాలీ చేసుకున్నవాళ్లు అనగానే చాలామంది ముందే ఆశ వదిలేసుకుంటారు. నేనైతే అలాంటి కేసు వస్తే సంతోషిస్తాను. అదే ఊళ్లో నోరెత్తకుండా చర్చికి వెళ్లొచ్చిన పేద పొరుగువాడి కంటే క్వేకర్ పేరే ఎక్కువసార్లు కాగితానికెక్కింది. జార్జ్ ఫాక్స్ బోధలతో 1650ల్లో పుంజుకున్న ఈ శాఖవాళ్లు బాప్తిస్మం ఇప్పించం, కోర్టులో ఒట్టు వేయం, చర్చికి దశమభాగం (రాబడిలో పదో వంతు) కట్టం అన్నారు. అలా అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు రాసిపెట్టుకున్నారు.

అపోహ: క్వేకర్లంతా డబ్బున్నవాళ్లే.

క్వేకర్ కుటుంబం పెట్టిన క్యాడ్‌బరీ చాక్లెట్ పుణ్యమా అని స్థిరపడిన మాట ఇది. ఆ సంపద తర్వాతి శతాబ్దాల సంగతి. మొదటి తరంలో చిన్న రైతులు, నేతపనివాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, పనిమనుషులు బోలెడంతమంది.

అపోహ: బాప్తిస్మం లేదు కాబట్టి పుట్టుక వివరాలు దొరకవు.

వాళ్ల మీటింగులే, అంటే స్థానిక క్వేకర్ సంఘాలే, జననం, పెళ్లి, ఖననం రాసుకునేవి. ఆ రిజిస్టర్లలో ఎక్కువ భాగం 1840 చట్టం తర్వాత ప్రభుత్వానికి అప్పగించారు. ఇప్పుడవి లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జీ 6 అనే వరుసలో ఉన్నాయి. అప్పగించే ముందు అక్షరక్రమంలో సంక్షిప్త ప్రతులు తయారుచేసుకున్నారు. వెతకడానికి అవే సులువు, కానీ అక్కడితో ఆగిపోవద్దు. క్వేకర్ పెళ్లికి వచ్చినవాళ్లంతా పత్రం మీద సాక్షి సంతకాలు పెట్టేవారు. పెళ్లయిన అక్క కొత్త ఇంటిపేరు, పక్క ఊరి మేనమామ పేరు బయటపడేది అక్కడే. సంక్షిప్త ప్రతిలో ఆ సాక్షుల పేర్లు ఉండవు.

అపోహ: ‘2వ నెల’ అంటే ఫిబ్రవరి.

ఎక్కువ వంశవృక్షాలు విరిగేది ఇక్కడే. అప్పట్లో ఇంగ్లండ్‌లో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. నెలల పేర్లలో అన్యదేవతలు ఉన్నారని క్వేకర్లు వాటిని వాడకుండా అంకెలు వేసుకున్నారు. 1752 వరకు వాళ్ల 1వ నెల మార్చి. ఉదాహరణకు క్వేకర్ రిజిస్టర్‌లో బిడ్డ పుట్టింది 1668, 2వ నెల. చర్చి రిజిస్టర్‌లో తల్లి ఖననం 1668 జనవరి. ఇప్పటి లెక్కన చదివితే తల్లి పోయిన నెలకు బిడ్డ పుట్టినట్టు! నిజానికి బిడ్డ పుట్టింది 1668 ఏప్రిల్‌లో, తల్లి పోయింది మన లెక్కలో 1669 జనవరిలో. ఈ టెన్షన్ పడలేక ఆ తల్లినే చెట్టులోంచి తీసేసి, అదే పేరున్న ఇంకొకామెను తెచ్చి అతికించేవాళ్లున్నారు.

అపోహ: పేదవాళ్ల గురించి ఎవరు రాస్తారు?

వాళ్లను పీడించినవాళ్లు రాశారు, ఆదుకున్నవాళ్లూ రాశారు. దశమభాగం కట్టనివారి ఇళ్లలో సామాను జప్తు చేసేవారు. మీటింగులు నడిపిన ‘శ్రమల పుస్తకాల్లో’ (విశ్వాసం కోసం పడ్డ బాధల చిట్టాలు) ఆ వివరాలుంటాయి: ఎంత అడిగారు, ఏం ఎత్తుకెళ్లారు, దాని విలువెంత. ఒకరింట్లో ఆవు, ఇంకొకరింట్లో ఇత్తడి వంటపాత్ర, పరుపు. చాలాసార్లు బాకీ కంటే పట్టుకెళ్లిన సామాను విలువే ఎక్కువ. ఒక ఇంట్లో అసలేముండేదో ఇంత దగ్గరగా చూపించే కాగితం పేదల విషయంలో అరుదు. వీటి ఆధారంగా 1753లో అచ్చయిన రెండు పెద్ద సంపుటాలను చూసి ఊరుకోకండి, స్థానిక చేతిరాత పుస్తకాలు కూడా తెరవండి.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటి. 1670 చట్టం ప్రకారం క్వేకర్ సమావేశానికి వెళ్తే మొదటిసారి 5 షిల్లింగులు, ఆ తర్వాత 10 షిల్లింగులు జరిమానా. కట్టలేని పేదవాడి జరిమానాను అదే సమావేశంలో దొరికిన కలిగినవారి మీద వేయొచ్చు. అందుకే మీ పేద పూర్వీకుడి పేరు ఊళ్లో ఉన్న పెద్ద రైతు ఖాతాలో దాక్కుని ఉండొచ్చు. నేను ముందు ఆ రైతునే వెతుకుతాను.

1662 నుంచి 1689 వరకు నడిచిన పొయ్యి పన్ను ఉంది, పొయ్యికి ఏడాదికి 2 షిల్లింగులు. కట్టలేనివారికి మినహాయింపు. ఆ మినహాయింపు జాబితాలు మిగిలిన ఊళ్లలో పేదల పేర్లు చక్కగా కనిపిస్తాయి. మీటింగ్ మినిట్స్ (సంఘం సమావేశాల్లో రాసుకున్న వివరాలు) కూడా చదవాలి. బొగ్గుకో, బట్టలకో, పిల్లాణ్ణి పనిలో చేర్చడానికో ఇచ్చిన డబ్బు అందులో ఉంటుంది. మహిళల మీటింగుల పుస్తకాలను మరిచిపోకండి, సాయం వ్యవహారం చాలావరకు వాళ్లే చూసేవారు.

అపోహ: సభ్యుల జాబితా ఒకటి ఉంటుంది.

సభ్యత్వానికి పద్ధతిగా నియమాలు వచ్చిందే 1737లో. అంతకుముందు కాలానికి జాబితా కోసం వెతకడం దండగ.

అపోహ: క్వేకర్ అయితే చర్చి రిజిస్టర్‌తో పని లేదు.

మొదటి తరం క్వేకర్లు క్వేకర్లుగా పుట్టలేదు కదా! వాళ్ల బాప్తిస్మం చర్చి పుస్తకంలోనే ఉండాలి. అంతర్యుద్ధం వల్ల 1640లు, 50లలో చాలా ఊళ్ల రిజిస్టర్లకు గండి పడింది. అక్కడ 1641-42లో 18 ఏళ్లు దాటిన మగవాళ్లతో చేయించిన ప్రమాణాల జాబితాలు ఆదుకుంటాయి, అవి మిగిలిన ఊళ్లలో. 1695 నుంచి జననాల మీద కూడా పన్ను పడింది కాబట్టి, బాప్తిస్మం లేని పిల్లల పుట్టుకను కొన్ని చర్చి పుస్తకాల్లో నమోదు చేశారు.

అపోహ: 1680ల తర్వాత పేరు కనబడకపోతే అమెరికాలోని పెన్సిల్వేనియా వెళ్లిపోయినట్టే.

ఆన్‌లైన్ చెట్లకు ఇష్టమైన ముగింపు. ఓడెక్కేవాళ్లు మామూలుగా తమ మీటింగ్ నుంచి ఒక ధ్రువపత్రం తీసుకెళ్లేవారు. ఇక్కడి మినిట్స్‌లో ఇచ్చినట్టు, అక్కడి మినిట్స్‌లో అందినట్టు ఉందేమో చూడండి. రెండుచోట్లా లేకపోతే, పాదిరి చేతుల మీదుగా పెళ్లి చేసుకున్నందుకు మీటింగ్ వెలేసిన దాఖలా ఉందేమో వెతకండి. ఉంటే, చుట్టుపక్కల ఊళ్ల చర్చి పెళ్లి రిజిస్టర్లు తెరవాలి. అంతకుముందు ఓడ టికెట్ కొనకండి.