పొట్టి బ్యారెల్‌కి ఏ తూటా? అపోహలు - వాస్తవాలు

2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం తెచ్చాక మా రేంజ్‌కి వచ్చే పిల్లలు పెరిగారు, వాళ్ళతో పాటు తల్లిదండ్రుల ప్రశ్నలూ పెరిగాయి. అందులో సగం తూటాల గురించే. నేను హైదరాబాద్‌లో స్మాల్‌బోర్ నేర్పిస్తాను. మీలో చాలామంది ఎన్‌సీసీ క్యాంపులో పేల్చి ఉంటారే, ఆ పాయింట్ టూ టూనే (.22, అంటే సన్న తూటా), కాకపోతే మ్యాచ్ రైఫిల్లో. చెప్పిందే చెప్పి నోరు నొప్పెడుతోంది కాబట్టి ఒకసారి రాసి పడేస్తున్నా.

అపోహ: బ్యారెల్ (తుపాకీ గొట్టం) పొట్టిదైతే గురి పోతుంది, దానికి స్పెషల్ తూటా కావాలి.

ఇది ఎక్కువగా సినిమాలు చూసి వచ్చిన భయం. పాయింట్ టూ టూలో మందు, అంటే గన్‌పౌడరు, చిటికెడే. బ్యారెల్లో మొదటి 16 అంగుళాలు, కాస్త అటూ ఇటూగా, దాటేసరికి దాని పని దాదాపు అయిపోతుంది, ఆపైన రాపిడిదే పైచేయి. అందుకే 27 అంగుళాల బ్యారెల్ని 20 చేసినా వేగం పెద్దగా పోదు. పైగా లాభం ఉంది: పొడవాటి వెదురు గెడ కొస ఊగినంతగా మూరెడు ముక్క ఊగదు కదా, అదే లావున్న 20 అంగుళాల బ్యారెల్ కొసకి అంతే బరువు వేలాడదీస్తే 27 అంగుళాల దానితో పోలిస్తే వంగేది సగం కన్నా తక్కువే. తూటా కూడా సుమారు అర మిల్లీసెకను ముందే బయటపడుతుంది, మనం కదిలి పాడుచేసే టైము ఆ మేరకు తగ్గినట్టే.

పోయేది ఒక్కటే, గురి చూసే వెనక సైటుకీ ముందు సైటుకీ మధ్య దూరం. దానికోసమే బ్యారెల్ మూతికి ట్యూబ్ తగిలిస్తారు. బయటినుంచి చూస్తే పొడుగు బ్యారెల్లాగే ఉంటుంది, లోపల రంధ్రం మాత్రం వెడల్పు, తూటా దాన్ని తాకదు. మా దగ్గర ఒకమ్మాయి రైఫిల్‌కి అలాంటిదే ఉంది, వాళ్ళ నాన్నగారు మొదటిరోజు ట్యూబ్ విప్పి చూసి "ఇదేంటి సార్, సగం డొల్లేనా?" అని బెంగపెట్టుకున్నారు.

(అమెరికాలో ఉన్న మనవాళ్ళు .308 అనే పెద్ద తూటా రైఫిల్, 16 అంగుళాల బ్యారెల్ గురించి అడుగుతుంటారు. అది వేరే లెక్క. అక్కడ మందు ఎక్కువ, బ్యారెల్ తగ్గేకొద్దీ వేగం నిజంగానే పడిపోతుంది, దూరం పెరిగేకొద్దీ ఆ తేడా తెలుస్తుంది. అయినా తగ్గేది వేగమే, గ్రూపు (టార్గెట్ మీద రంధ్రాలన్నీ కలిసి ఎంత మేర పరుచుకున్నాయో అది) చెడాలని ఏమీ లేదు.)

అపోహ: అన్నిటికన్నా ఖరీదైన పెట్టె కొంటే చాలు.

దీనికి నేనూ బలైనవాణ్ణే. ఒక సీనియర్ షూటర్ మాట విని, ఆయన వాడే టాప్ గ్రేడ్ తూటాలే ఒకేసారి 1,500 తీసుకున్నాను. ఆయన రైఫిలూ నాదీ ఒకే కంపెనీ, ఒకే మోడల్. ఆయనకి పువ్వు పూసినట్టు ఒకే రంధ్రం, నాకు 23 మిల్లీమీటర్ల గ్రూపు. సీజనంతా నా చేతినే తిట్టుకున్నాను. తర్వాత ఎవరో మిగిల్చిన, రెండు గ్రేడ్లు కింది తూటాలు, రైఫిల్ని రెస్టు (కదలకుండా పట్టి ఉంచే స్టాండు) మీద పెట్టి కాలిస్తే 15 మిల్లీమీటర్లు! తప్పు తూటాదీ కాదు, కంపెనీదీ కాదు, ఆ లాట్‌కీ (ఒకే విడతలో తయారైన తూటాలు) నా ఛాంబర్‌కీ (బ్యారెల్లో తూటా కూర్చునే చోటు) జాతకం కలవలేదు, అంతే.

పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండే పేరు కన్నా చివర చిన్నగా అచ్చేసిన లాట్ నంబరు ముఖ్యం. ఈలే టెనెక్స్ గానీ, లాపువా ఎక్స్-యాక్ట్ గానీ, ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్50 గానీ మంచి తూటాలే, అందులో సందేహం లేదు. కానీ గ్రేడ్ ఇచ్చేముందు వాళ్ళు కాల్చి చూసేది వాళ్ళ టెస్ట్ బ్యారెల్స్‌లో, మీ బ్యారెల్లో కాదు. స్తోమత ఉన్న షూటర్లు రైఫిల్ పట్టుకుని యూరప్‌లో ఆ కంపెనీల టెస్ట్ రేంజ్‌కే వెళ్ళి, వరసగా లాట్లు కాల్చి చూసి, నచ్చిన లాట్‌నే వేలల్లో కొనుక్కుంటారు. మనకి ఇక్కడ అంత సీను లేదు. లైసెన్సు, కోటా, దిగుమతి పర్మిట్టు, నెలల తరబడి ఎదురుచూపు. కాబట్టి వచ్చిన లాట్లనే కాల్చి చూసుకుని, మంచిది మ్యాచ్‌కి దాచి, మిగతాది ప్రాక్టీసుకి వాడటమే దారి.

అపోహ: అయిదు రౌండ్లు కాలిస్తే తెలిసిపోతుంది.

తెలియదు. అయిదు రౌండ్లలో అదృష్టం పాలు ఎక్కువ, ఏ చెత్త లాటైనా ఒకసారి అయిదింటినీ ఒక్కచోట పెట్టగలదు. నేను చేసేదిది: పొద్దున్నే ఆరింటికి, గాలి లేవకముందు, రైఫిల్ని రెస్టులో బిగించి, ముందు ఓ పదిహేను రౌండ్లు ఊరికే కాల్చేస్తాను. ఎందుకంటే తూటా మీది మైనం లాంటి పూత ఒక్కో బ్రాండుది ఒక్కోలా ఉంటుంది, బ్యారెల్ లోపల పాతది పోయి కొత్తది పట్టేదాకా వచ్చే గ్రూపుని నమ్మలేం. తర్వాత పదేసి చొప్పున నాలుగు టార్గెట్ కార్డులు. నాలుగు కార్డుల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకి పట్టుకుంటే 40 రంధ్రాల అసలు రంగు బయటపడుతుంది. బయటి అంచు నుంచి అంచుకి వెర్నియర్‌తో కొలిచి, తూటా వ్యాసం 5.6 మిల్లీమీటర్లు తీసేస్తాను.

ఎంత వస్తే మంచిది? 50 మీటర్ల టార్గెట్‌లో పది రింగు వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. తూటా అంచు గీతని తాకినా పదే. అంటే తూటా మధ్యభాగం నడిబొడ్డు నుంచి 8 మిల్లీమీటర్ల లోపు పడితే పది. ఆ లెక్కన 16 మిల్లీమీటర్ల గ్రూపు అన్నీ పదులే కొడుతుంది, షూటర్ రాయిలా ఉంటే. మనిషన్నాక రాయిలా ఉండడు కదా, ఆ వణుకుకి చోటు మిగలాలి. పదిని కూడా 10.0 నుంచి 10.9 దాకా విడగొట్టే డెసిమల్ స్కోరింగ్‌లో ప్రతి 0.8 మిల్లీమీటరుకీ ఒక దశాంశం పోతుంది, కాబట్టి 14 మిల్లీమీటర్ల గ్రూపుకీ 18కీ తేడా ఫైనల్లో బాగా కనిపిస్తుంది.

అపోహ: పొట్టి బ్యారెల్‌కి వేగం తక్కువ కాబట్టి హై వెలాసిటీ తూటా వాడాలి.

వద్దు. మ్యాచ్ తూటాలు మామూలుగా సెకనుకు 320 నుంచి 331 మీటర్ల వేగంతో బయలుదేరేలా చేస్తారు, అంటే ధ్వని వేగం కన్నా కిందే. హై వెలాసిటీవి 375 మీటర్ల పైన మొదలై, ధ్వని వేగం దగ్గరికొచ్చేసరికి గాలి అడ్డుకుని గబగబా మందగిస్తాయి. వింటే నమ్మరు గానీ, పక్కగాలికి ఎక్కువ కొట్టుకుపోయేది ఆ వేగంగా వెళ్ళే తూటానే, ఎందుకంటే పక్కకి ఎంత పోతుందన్నది తూటా దారిలో ఎంత మందగించిందన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఎండ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. 40 డిగ్రీల్లో ధ్వని వేగం 355 మీటర్లు, 5 డిగ్రీల్లో 334. మే నెలలో మన దగ్గర ఏ టెన్షనూ లేని లాటు, చలికాలం పొద్దున ఢిల్లీలో ఆ ధ్వని వేగానికి బాగా దగ్గరగా వెళ్తుంది. అందుకని రెండు లాట్లలో ఏది అని తేల్చుకోలేకపోతే నేను నెమ్మదైనదే ఢిల్లీకి పంపిస్తాను. తూటాల పెట్టె ఎండలో కారు డిక్కీలో వదలకండి, ఆ మైనం కరిగి కారిందంటే చేసిన టెస్టంతా దండగ.

అపోహ: తూకం వేసి ఏరితే చవక తూటా కూడా మ్యాచ్ తూటా అవుతుంది.

ఒక కుర్రాడు వాళ్ళ మామయ్య బంగారం కొట్లోంచి త్రాసు తెచ్చి, రేంజ్‌లో రెండు సాయంత్రాలు కూర్చుని ఒక్కో తూటా తూచి మూడు డబ్బాల్లో సర్దాడు. తూచినవీ తూచనివీ పక్కపక్కనే కాల్చాం. ఏ కార్డు దేనిదో పేర్లు చూడకుండా నేనూ చెప్పలేకపోయాను, వాడూ చెప్పలేకపోయాడు. త్రాసు ఇంకా మా బీరువాలోనే ఉంది, మామయ్య అడుగుతున్నాడట.