ఎలుగుబంట్ల కుటుంబాన్ని విడదీయకండి: వేరుచేసే ఆటసామాను గురించి అపోహలు - వాస్తవాలు

"మా బాబుకు రంగులు తెలియడం లేదు మేడమ్" అంటూ ఒక అమ్మ మొన్న సంచి నిండా ఆటసామానుతో మా తరగతికి వచ్చారు. సంచిలోంచి ఆరు రంగుల గిన్నెలు, వాటిలో వేయడానికి చిన్న చిన్న ప్లాస్టిక్ ఎలుగుబంట్లు తీసి బల్ల మీద పరిచారు. ఎర్రవి ఎర్ర గిన్నెలో, నీలివి నీలి గిన్నెలో వేయాలని పెట్టె మీద బొమ్మ వేసి ఉంది. మూడేళ్ల ఎనిమిది నెలల బాబు ఆ బొమ్మ మాట వినడం లేదట. నెల రోజులుగా రోజూ సాయంత్రం కూర్చోబెట్టి చూపిస్తున్నా అన్నీ కలిపేస్తున్నాడట. ఆవిడ నిద్ర కూడా సరిగ్గా పోతున్నట్టు లేదు.

బాబును నా ముందు ఆడుకోనిచ్చాను. ఒక పెద్ద ఎలుగు, ఒక మధ్యరకం ఎలుగు, ఒక చిన్న ఎలుగు తీసి ఒక గిన్నెలో వేశాడు. మరో మూడింటిని మరో గిన్నెలో. అలా ఆరు గిన్నెలూ నింపాడు. రంగులు మాత్రం కలగాపులగం. "వీటిని ఇందులో ఎందుకు వేశావు నాన్నా?" అని అడిగితే, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు నా వైపు చూసి, "పిల్ల వాళ్ల అమ్మానాన్నల దగ్గరే ఉండాలి కదా టీచర్" అన్నాడు.

చిన్న పిల్లల తరగతుల్లో పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఏటా బళ్లు తెరిచిన జూన్‌లో ఒకసారి, దసరా సెలవుల తర్వాత ఇంకోసారి ఇదే కథ వేరే బొమ్మలతో నా దగ్గరికి వస్తుంది. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: పెట్టె మీద చూపించినట్టు వేరు చేస్తేనే పిల్లలకు వర్గీకరణ వచ్చినట్టు.

తల్లిదండ్రులకు డబ్బు, మనశ్శాంతి రెండూ పోయేది ఇక్కడే. కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఉంటాను.

వర్గీకరణ అంటే వస్తువులను గిన్నెల్లో వేయడం కాదు. ఏ లక్షణాన్ని బట్టి వేయాలో నిర్ణయించుకుని, చివరి వస్తువు దాకా ఆ నిర్ణయానికి కట్టుబడటం. ఆ బాబు పరిమాణాన్ని గమనించాడు, ఇంటికి ముగ్గురు చొప్పున ఒక నియమం పెట్టుకున్నాడు, ఆరు గిన్నెల్లోనూ తప్పకుండా పాటించాడు. పెట్టె చెప్పిన పని కన్నా అది కష్టమైన పని. ఒకే పోలిక ఉన్నవాటిని కలపమంటే ఈ వయసు పిల్లలు తరచూ వాటితో ఇల్లో, రైలో, కుటుంబమో కట్టేస్తారు. ఈ సంగతిని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే ఎప్పుడో రాశారు. అది ఆ వయసు తీరు, లోపం కాదు.

ఇంకో ముడి కూడా ఉంది. రంగు పేరు చెప్పడం వేరు, రంగును బట్టి వేరు చేయడం వేరు. "ఎరుపు ఏది?" అంటే తెల్లమొహం వేసే పిల్ల ఎర్ర మూతలన్నింటినీ ఒక చోట చకచకా చేర్చగలదు. పేరు భాషకు సంబంధించినది, ఆలస్యంగా రావచ్చు. మీ ఇంట్లో ఆ రెండింటిలో ఏది రావడం లేదో ముందు చూసుకోండి.

మూడేళ్ల పిల్లలు ఒక నియమాన్ని పట్టుకుంటే దాన్ని వదలడం వారికి చాలా కష్టం. రంగుల వారీగా వేరు చేశాక, "ఇప్పుడు ఆకారాన్ని బట్టి వేరు చెయ్యి" అంటే మళ్లీ రంగుల వారీగానే పెడతారు. చెప్పింది వినబడక కాదు, పాత నియమం చేతిని లాగుతుంది. నాలుగు దాటి అయిదు వచ్చేసరికి చాలామందికి ఈ మార్పు అలవడుతుంది. కాబట్టి మూడేళ్ల బిడ్డను నాలుగున్నరేళ్ల అక్కతో పోల్చి కంగారు పడకండి. పక్కింటి అమ్మాయితో అసలే వద్దు.

ఇక కొనేటప్పుడు చూడవలసింది. రంగు తప్ప మరే తేడా లేని ముక్కలతో ఒక్క ప్రశ్నే వేయగలం. దానికి జవాబు దొరికిన మరునాడు ఆ బొమ్మ అటక ఎక్కుతుంది. రంగు, ఆకారం, పరిమాణం మూడూ మారే ముక్కలుంటే ఏళ్ల తరబడి పనికొస్తాయి. గణిత విద్యావేత్త డీన్స్ పేరుతో ప్రచారంలోకి వచ్చిన లాజిక్ బ్లాకుల సెట్టు అరవై ముక్కలది: అయిదు ఆకారాలు, మూడు రంగులు, రెండు పరిమాణాలు, రెండు మందాలు. ఏ రెండు ముక్కలూ ఒకటి కావు. అది కొనలేకపోతే దిగులు అక్కరలేదు. మా తరగతిలో అన్నిటికన్నా ఎక్కువ అరిగిపోయింది పాత బిస్కెట్ల డబ్బా. అందులో సీసా మూతలు, దర్జీ దగ్గర తెచ్చిన పెద్ద గుండీలు, పాత తాళంచెవులు, బట్టల క్లిప్పులు ఉంటాయి. రెండు చిల్లుల గుండీలు ఒక పక్క, నాలుగు చిల్లులవి ఒక పక్క పెట్టిన పిల్ల, మరుసటి రోజు వాటినే మెరిసేవి, మెరవనివి అని వేరు చేసింది. గంట కొట్టినా లేవలేదు.

రంధ్రాల పెట్టెలో గుండ్రం ముక్క, చతురస్రం ముక్క దూర్చే బొమ్మ గురించి కూడా అడుగుతుంటారు. మంచిదే, చేతికి పని. కానీ అక్కడ ఏది ఎక్కడికి వెళ్లాలో ఆ పెట్టె నిర్ణయిస్తుంది. దాన్ని జతపరచడం అనాలి, వర్గీకరణ కాదు.

"తప్పు, అలా కాదు" అనడానికి బదులు "ఇవన్నీ ఒక చోట ఎందుకు పెట్టావు?" అని అడిగి చూడండి. జవాబు వచ్చేదాకా ఆగండి. పెద్దలకు కష్టమైన భాగం ఇదే. సమాధానం కూడా మనమే చెప్పేస్తాం.

అపోహ: ఎరుపు, నీలం, ఎరుపు, నీలం అని పూసలు గుచ్చితే అమరికలు (ప్యాటర్న్‌లు) వచ్చేసినట్టే.

రాలేదు. ఎరుపు తర్వాత నీలం అని గుర్తుంచుకుంటే చాలు, ఆ వరుస సాగిపోతుంది. మళ్లీ మళ్లీ వచ్చే ముక్క ఏదో పట్టుకున్నప్పుడే అమరిక అర్థమైనట్టు. రెండు ఎరుపులు, ఒక నీలం ఇచ్చి చూడండి, తేడా తెలుస్తుంది. ఆ ముక్కను మూడుసార్లయినా పేర్చి చూపించాకే "తర్వాత ఏమిటి?" అని అడగాలి. ఒక్కసారి పేర్చి అడిగితే బిడ్డ ఏది పెట్టినా తప్పనలేం. ఆ తర్వాత అదే అమరికను వేరే రూపంలో చేయమనండి: రెండు చప్పట్లు, ఒక చిటిక. అక్కడా చేసి చూపిస్తే అది పూసల్లో ఆగిపోలేదని అర్థం.

నేను ఇది నేర్చుకున్నది మా నాయనమ్మ ఒడి పక్కన. సాయంత్రం మాల కట్టేది: నాలుగు మల్లెలు, రెండు కనకాంబరాలు, ఒక మరువం రెమ్మ. అందించే పని నాది. తప్పు పువ్వు ఇస్తే ఏమీ అనేది కాదు, తిరిగి నా ఒళ్లో వేసి చెయ్యి అలాగే చాపి ఉంచేది. నాకు అయిదేళ్లు ఉంటాయేమో. చుక్కల ముగ్గు, బతుకమ్మలో తంగేడు మీద గునుగు, గునుగు మీద బంతి, చీర అంచు... అమరికలు మన ఇళ్లలో కావలసినన్ని ఉన్నాయి.

కొనేటప్పుడు ముక్కలు లెక్కపెట్టండి. పది రంగులుండి, ఒక్కో రంగుకు రెండే ముక్కలుంటే దానితో అమరిక సాగదు. రంగులు మూడే చాలు, ఒక్కో రకం పదైనా ఉండాలి.

అపోహ: ఇంట్లో దొరికేవి, చెట్ల నుంచి వచ్చేవి కాబట్టి ప్రమాదం లేదు.

ఇది వింటే నాకు కోపం వస్తుంది. అందంగా ఉన్నాయని గురివింద గింజలు గిన్నెలో పోసి పిల్లల ముందు పెట్టిన ఇళ్లను చూశాను. గురివింద విషం. గట్టి పెంకు చెదరనంత వరకు సరే, నమిలినా దండ కోసం రంధ్రం చేసినా లోపలి అబ్రిన్ అనే విషం ప్రాణం మీదికి తెస్తుంది. ఆముదం గింజల్లో రైసిన్ అనే విషం, పచ్చగన్నేరు కాయల్లో గుండెను దెబ్బతీసే విషం ఉంటాయి. ఈ మూడూ ఆటలోకి రాకూడదు, అంతే. బిడ్డ నమిలిందని అనుమానం వస్తే చిట్కాలు చేయకుండా, మిగిలిన గింజలు పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

శనగలు, బఠాణీలు విషం కాదు గానీ ముక్కులోనో చెవిలోనో దూరితే తడికి ఉబ్బుతాయి. చింతపిక్కలతో వామనగుంటలు పెద్ద పిల్లల ఆట, రెండేళ్ల తమ్ముడు దగ్గర లేనప్పటి ఆట. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో చిన్న భాగాలను పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టం వాడతారు. పది రూపాయల నాణెం కన్నా కాస్త వెడల్పు. అందులో పూర్తిగా పట్టేసే వస్తువు గొంతుకు అడ్డం పడవచ్చు. గుండీల్లాంటి చిన్న బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు ఉన్నవైతే ఇంట్లోకే వద్దు.

ఇక్కడే ఇంకో మాట. పెట్టె మీద "3+" అని ఉంటే "మా వాడు చురుకు, రెండేళ్లకే ఆడగలడు" అంటారు. ఆ అంకె చాలాసార్లు తెలివికి సంబంధించినది కాదు, ఊపిరికి సంబంధించినది.

అపోహ: చెక్కదైతే మంచిది, మాంటిస్సోరి అని రాసి ఉంటే ఇంకా మంచిది.

మాంటిస్సోరి అన్నది పిల్లలకు నేర్పే ఒక పద్ధతి. ఆ పేరు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. పేరు చూడకండి, రంగు చూడండి: తడిగుడ్డతో గట్టిగా రుద్దితే రంగు అంటుకునే బొమ్మ నోట్లోకి వెళ్లకూడదు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులకు, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉన్న బొమ్మలకు మినహాయింపు ఉంది. అందుకే 2017లో ఆ గుర్తింపు పొందిన ఏటికొప్పాక బొమ్మల మీద ఐఎస్ఐ గుర్తు లేదని భయపడకండి. అంకుడు కర్రను తరిణ పట్టి లక్కతో రంగులద్దే ఆ బొమ్మల్లో, ఒకదానిపై ఒకటి పేర్చే చక్రాలు దొరికితే చిన్నా పెద్దా వరుసకు బాగుంటాయి. పేరున్న చోట కొనండి, నకిలీలూ ఉన్నాయి.

అపోహ: ఫోనులో వేరుచేసే ఆటలు ఉన్నాయి కదా, బొమ్మలెందుకు?

ఫోనులో తప్పు పెడితే అది వెనక్కి తోసేస్తుంది, సరిగ్గా పెడితే చప్పట్లు కొడుతుంది. ఎలుగుల కుటుంబం కట్టనివ్వదు. ఇంతకన్నా దీని మీద రాయను.

చివరగా, నిజంగానే రంగుల దగ్గర అనుమానం ఉన్నవారికి. నీలం, పసుపు తడబడకుండా వేరు చేస్తూ, ఎరుపు, ఆకుపచ్చ దగ్గర మాత్రమే మళ్లీ మళ్లీ కలిపేస్తుంటే తిట్టకుండా కళ్ల డాక్టరుకు చూపించండి. పుట్టుకతో వచ్చే ఈ తేడా (వర్ణాంధత్వం) మగపిల్లల్లో ఎక్కువ. మా దగ్గర అలాంటి బాబు ఒకడు ఉండేవాడు, చెట్టు ఆకులకు గోధుమ రంగు వేసేవాడు. మొండితనమని నేనే మొదట అనుకున్నాను, ఒకసారి కసిరాను కూడా. ఆకారాలతో ఇస్తే తరగతిలో అందరికన్నా ముందు వేరు చేసేవాడు. ఇప్పుడు రెండో తరగతి. రంగు పెన్సిళ్ల మీద పేర్లు రాసి పెట్టుకుంటాడు.