సుంకి ఘాటీలో బ్రేకు ఎందుకు పోయింది?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

కోరాపుట్ నుంచి సాలూరుకు దిగే సుంకి ఘాటీ దారిలో బ్రేకు పోయి, మా షెడ్డులో ముక్కు నలిగి నిలబడి ఉన్న మాస్టారుగారి అంబాసిడర్ కారును మీరు బడికి వెళ్తూ వస్తూ రోజూ చూస్తున్నారు. "ఘాటీలో బ్రేకులు ఫెయిలయ్యాయట, ఇక అది పాత ఇనుప కొట్టుకేనట" అని మీలో మీరు చెప్పుకోవడం నా చెవిన పడింది. ఆ కారు పాత ఇనుప కొట్టుకు పోదు. ఇక బ్రేకు సంగతికి వస్తే, "ఫెయిలయింది" అనడంతో విషయం తేలిపోదు, ఏది ఎందుకు ఫెయిలయిందో చెప్పాలి. అందుకే ఈ ఉత్తరం.

ఇది 1978 నాటి మార్క్ 3 బండి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనా మీద పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు తయారుచేశారు. 2014లో ఆ తయారీ ఆగిపోయింది కనుక విడిభాగాలు వెతుక్కోవాలి. మనకు మాత్రం లారీలకు పేరుపడిన సాలూరు కొండ కిందనే ఉంది కాబట్టి అంత ఇబ్బంది లేదు.

ముందుగా బ్రేకు ఎలా పనిచేస్తుందో తెలియాలి. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని మీరు సైన్సు పుస్తకంలో పాస్కల్ సూత్రం పేరుతో చదువుకున్నారు. పెడల్ తొక్కినప్పుడు మాస్టర్ సిలిండరులోని బ్రేకు ఆయిలు మీద ఆ ఒత్తిడి పడి, సన్నని ఉక్కు గొట్టాల గుండా నాలుగు చక్రాలకూ చేరుతుంది. అక్కడి వీల్ సిలిండర్లు బ్రేకు షూలను వెడల్పుగా తోసి, చక్రంతోపాటు తిరిగే డ్రమ్ము లోపలి అంచుకు ఒత్తుతాయి, ఆ రాపిడికి బండి ఆగుతుంది. ఇప్పటి కార్ల మాస్టర్ సిలిండరులో రెండు గదులు ఉంటాయి కనుక ఒక దారిలో ఆయిలు కారిపోయినా రెండో దారి పట్టుకుంటుంది. ఈ పాత బండిలో ఉన్నది ఒకే గది, ఒకే దారి. ఎక్కడ చిల్లు పడినా నాలుగు చక్రాలూ ఒక్కసారే చేతులెత్తేస్తాయి.

ఇక ఘాటీ సంగతి. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, సాలూరు మైదానంలో ఉంది. మనుషులతో కలిపి ఒకటిన్నర టన్నుల బరువున్న బండి 700 మీటర్లు కిందికి దిగిందనుకోండి. ఆ దిగుడులో విడుదలయ్యే శక్తినంతా బ్రేకులే మింగవలసి వస్తే, పుట్టే వేడితో ముప్పై లీటర్లకు పైగా చన్నీళ్లను మరిగించవచ్చు. కావాలంటే మీ లెక్కల మాస్టారి దగ్గర గుణించి చూసుకోండి. ఇంజను గేరులో ఉంటే ఆ భారంలో కొంత అదే మోస్తుంది. పెట్రోలు మిగులుతుందని కొందరు న్యూట్రల్‌లో దిగుతారు, అంతకంటే తెలివితక్కువ పొదుపును నేను ఎరగను.

ఆ వేడికి బ్రేకు ఆయిలు మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు కానీ ఆవిరి నలుగుతుంది, కాబట్టి పెడల్ తొక్కిన బలమంతా బుడగలను నొక్కడానికే సరిపోతుంది. డాట్ 3 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. అయితే వానాకాలంలో డబ్బాలోని ఉప్పు చెమ్మగిల్లినట్టు ఈ ఆయిలు కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అలా తేమ పట్టిన ఆయిలుకు ఆ హద్దు 140 డిగ్రీలే. మన కొండల్లో వానలెంతో, మంచెంతో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆవిరి పట్టిన బ్రేకు చల్లారాక చాలావరకు తిరిగి వస్తుంది. మాస్టారి బండిని లారీకి కట్టి తెచ్చిన మర్నాడు తొక్కి చూస్తే పెడల్ ఇంకా నేలకే ఆనుతోంది, ఆయిలు డబ్బా ఖాళీగా ఉంది. అంటే ఆయిలు ఎక్కడో కారిపోయిందన్నమాట. నలిగిన రేకు జోలికి పోకుండా ముందు చక్రాలు విప్పించాను. ఎడమ వెనక టైరు లోపలి పక్క తడిగా మెరుస్తోంది. డ్రమ్ము లాగితే లోపల లైనర్ల (షూల మీద అతికి ఉండే రాపిడి పట్టీల) పొడి, ఆయిలు కలిసి నల్లని ముద్దగా పేరుకుని ఉన్నాయి. పాత లైనర్లలో, పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండేది కాబట్టి ఆ పొడిని నోటితో ఊదడం, గాలి కొట్టడం చెయ్యకూడదు, తడిగుడ్డతోనే తుడవాలి. వీల్ సిలిండరు విప్పి దీపం పెట్టి చూస్తే, అద్దంలా నున్నగా ఉండవలసిన లోపలి గోడ మీద తుప్పు గుంటలు కనిపించాయి. వాటి మీద జరిగీ జరిగీ, ఆయిలును బయటికి పోనివ్వకుండా ఆపే రబ్బరు కప్పు పెదవి ఒక పక్క చీరుకుపోయింది. ఆ తుప్పు ఆయిలులో చేరిన నీటి వల్ల వచ్చినదే. కాబట్టి ఘాటీని తిట్టకండి. ఏళ్ల తరబడి మార్చని ఆయిలులోని నీరే సిలిండరును తినేసింది, ఘాటీ ఆ సంగతిని బయటపెట్టింది, అంతే.

డ్రైవరు మాత్రం నిబ్బరంగా వ్యవహరించాడు. ఇంజను ఆపలేదు, పెడల్‌ను ఆగకుండా తొక్కుతూ మూడో గేరులోకి, తరువాత రెండో గేరులోకి దించాడు. హ్యాండ్ బ్రేకు ఆయిలుతో కాకుండా తీగతో వెనక చక్రాలను పడుతుంది కనుక దానినీ కొద్దికొద్దిగా లాగాడు, కానీ ఎడమ లైనర్లు ఆయిలులో నానిపోయి ఉండడం వల్ల అది అరకొరగానే పట్టింది. లోయవైపు పోనివ్వకుండా కొండవైపు కాలువలోకి దించి, మట్టిగట్టుకు ఒరిపించి ఆపాడు. ఎడమ మడ్‌గార్డు, గ్రిల్లు, రేడియేటరు పోయాయి, మనుషులు దక్కారు.

ఇప్పుడు బాడీ సంగతి. ఈ కారుకు లారీకి ఉన్నట్టు వేరే చాసిస్, అంటే అడుగు చట్రం, ఉండదు, మడిచి అతికిన రేకు పెట్టెలే దాని ఎముకలు. అందువల్ల పైనున్న సొట్ట కంటే కింద ఎముక వంగిందేమో చూడడం ముఖ్యం. బండిని స్టాండ్ల మీద మట్టంగా నిలిపి, అడుగున రెండు పక్కలా సరిసమానంగా ఉండే నాలుగు బోల్టుల నుంచి తాపీమేస్త్రీ వాడే తూకం గుండును వేలాడదీసి, గుండు మొన ఆనిన చోటల్లా సిమెంటు నేల మీద సుద్దతో గుర్తులు పెట్టాం. రెండు కర్ణాలనూ టేపుతో కొలిస్తే, ఒకటి రెండోదానికంటే 11 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. అవి సమానం కాకుండా పైన ఎంత మెరుగు పెట్టినా ముందు చక్రాలు వరుసలో ఉండవు, బండి ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది.

అలా వంగినదాన్ని గొలుసు కట్టి, జాకీతో నెమ్మదిగా, గుద్దు వచ్చిన దిశకు ఎదురుగా లాగాలి. వదలగానే ఇనుము కొంత వెనక్కి పోతుంది కాబట్టి లాగడం, వదలడం, మళ్లీ కొలవడం తప్పదు. ఓపిక లేనివాళ్లు గ్యాసుతో ఎర్రగా కాల్చి వంచుతారు. పని తొందరగా అవుతుంది గాని ఆ చోట రేకు బలం చస్తుంది. మడ్‌గార్డు సొట్టను కూడా నడిమధ్యన కొట్టి లేపకూడదు. లోపల డాలీ దిమ్మె ఆనించి, బయట సుత్తితో చిన్న దెబ్బలు వేస్తూ అంచుల నుంచి లోపలికి రావాలి, చివర పడిన మడత మొదట విప్పాలి. లప్పం మిగిలిన సన్నని ఎగుడుదిగుడులకే గాని గుంటలు పూడ్చడానికి కాదు. పాత కారు కొనేవారెవరైనా చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి బాడీ మీద జరుపుకుంటూ పోవాలి, అది పట్టకుండా జారిన చోట లప్పం మందంగా ఉందన్నమాట.

కర్ణాలు కుదిరాయి, మడ్‌గార్డు ఒక రూపానికి వచ్చింది, రంగు తరువాత. వీల్ సిలిండర్లన్నీ కొత్తవి వేశాం, మాస్టర్ సిలిండరుకు రబ్బరు కిట్టు, రబ్బరు గొట్టాలు, లైనర్లు మార్చాం. ఆ రబ్బర్లకు పెట్రోలు గాని, ఇంజను ఆయిలు గాని తగిలితే ఉబ్బి పాడవుతాయి కనుక బ్రేకు ఆయిలుతోనే కడిగి బిగించాం. ఇక మిగిలింది ఎయిర్ తీయడం, అంటే గొట్టాల్లో చిక్కిన గాలిని బయటికి పంపడం. డ్రైవరు కుడివైపు కూర్చునే బండి కాబట్టి మాస్టర్ సిలిండరుకు అన్నిటికంటే దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెడతాం. చక్రం దగ్గర గాలి వదిలే చిన్న మరకు, అంటే నిపిల్‌కు, సన్నని గొట్టం తొడిగి, దాని కొసను ఆయిలు పోసిన గాజు సీసాలో ముంచి, ఒకరు పెడల్ తొక్కి పట్టుకున్నప్పుడు మరొకరు నిపిల్ వదులుచేసి, పెడల్ వదలకముందే బిగించాలి. సీసాలో బుడగలు రావడం ఆగేదాకా అలా చేస్తూనే ఉండాలి.

ఆ పని ఆదివారం ఉదయం పెట్టుకున్నాం. పెడల్ తొక్కడానికి కాస్త కాలు అందేవాళ్లు ఒకరు, సీసాలో బుడగలు చూసి చెప్పడానికి ఒకరు కావాలి. బ్రేకు ఆయిలు పడితే రంగు ఊడుతుంది, చర్మం మండుతుంది, అందుచేత చెప్పులు వేసుకుని, పాత బట్టలతో రండి.

ఇట్లు,
సెమిలిగుడ షెడ్డు తాతయ్య